రిపోర్టుల్లో లేని నొప్పి

సారవకోట రోడ్డులో బస్సు నడిపే డ్రైవర్లకి గుంతలు ఎక్కడున్నాయో తెలుస్తుంది. ఆ బస్సులో కండక్టరుగా పనిచేసే నీలవేణికి మరుగు ఎక్కడుందో తెలుసు. ఏ పెట్రోలు బంకులో బాత్రూము తలుపుకి గడియ పడుతుంది, ఏ ఊళ్లో పంచాయతీ ఆఫీసు పొద్దున్నే తెరుస్తారు, ఏ జీడితోట రోడ్డు మీదికి కనబడనంత గుబురుగా ఉంది, ఇవన్నీ ఆమె ఎవరికీ చెప్పకుండా కడుపులో పెట్టుకుని తిరిగేది.

శ్రీకాకుళం నుంచి నరసన్నపేట మీదుగా పాతపట్నం పోయే బస్సులో ఆమెది చాలా ఏళ్ల డ్యూటీ. మనిషి గట్టిది. తాగి ఎక్కినవాణ్ని రెక్క పట్టుకుని దింపేసేది. ఆడవాళ్లకి బస్సు ఉచితమయ్యాక నిలబడే చోటు కూడా లేకుండా నిండిపోతున్నా, ఆ జనంలోంచే ముందుకీ వెనక్కీ దూరిపోతూ టిక్కెట్ల మిషను నొక్కుతూ ఉండేది. అలాంటి మనిషిని పొందూరులో తిన్న ఒక పెళ్లిభోజనం కూలదోసింది. ఆ భోజనం తిన్న చాలామందికి విరేచనాలు పట్టుకున్నాయి. మిగతావాళ్లు రెండు పూటలు మజ్జిగన్నం తిని లేచి కూర్చున్నారు. నీలవేణికి జ్వరం తగ్గింది, విరేచనాలు తగ్గాయి, కానీ కడుపు మాత్రం మళ్లీ తనది కాలేదు. తింటే ఉబ్బరం. తినకపోతే మెలిక. బొడ్డు కింద ఎవరో గుడ్డ పిండుతున్నట్టు నొప్పి మొదలయ్యేది, ఆ వెంటనే అర్జెంటు. ఇంట్లో ఉన్నప్పుడు ఫర్వాలేదు. బస్సులో ఉన్నప్పుడు, చుట్టూ జనం, ముందు ఇంకా ఎంతో దూరం ఉన్నప్పుడే అది ఎక్కువగా వచ్చేది.

మొదట పొద్దున్న టిఫిను మానేసింది. తర్వాత డ్యూటీలో నీళ్లు తాగడం మానేసింది. అయినా ఒక రోజు సారవకోట ఇంకా రాకముందే నొప్పి నడుము దాకా పాకింది. కళ్ల ముందు మిషను అంకెలు అలుక్కుపోయాయి. ఆమె ముందుకి నెట్టుకుంటూ వెళ్లి డ్రైవరు సూరయ్య సీటు వెనక కడ్డీ పట్టుకుంది. సూరయ్య రిటైరుమెంటుకి దగ్గర పడ్డ మనిషి, ఆమెని కూతురిలా చూసేవాడు.

"ఆపు మావా. ఇక్కడే ఆపీ," అంది.

చుట్టూ కోసేసిన వరిపొలాలు తప్ప ఏమీ లేవు. చీర కుచ్చెళ్లు చేత్తో పట్టుకుని గట్టు దాటి ఆమె పరుగెత్తుతుంటే బస్సు కిటికీలన్నీ అటే చూశాయి. తిరిగి ఎక్కేసరికి ఎవరూ ఏమీ అనలేదు. ఆ అనకపోవడమే ఆమెకి ఎక్కువ సిగ్గనిపించింది. వెనక సీటులో ఒకడు ఫోను కిందికి దించుకున్నాడు. వాడు తీశాడో తీయలేదో ఆమెకి ఎప్పటికీ తెలియలేదు. ఆ రాత్రి మాత్రం ఆ ఫోను చాలాసేపు కళ్ల ముందు కదిలింది. మర్నాడు డిపోకి వెళ్లి తనకి కొంతకాలం బస్సు వద్దని అడిగింది. మేనేజరు మంచివాడే. డాక్టరుకి చూపించుకోమని, అంతవరకూ డిపోలోనే పని చెబుతానని అన్నాడు.

శ్రీకాకుళంలో కడుపు డాక్టరు అన్ని పరీక్షలూ చేయించాడు. గొంతులోంచి గొట్టం వేసి చూశారు, కింద నుంచి వేసి చూశారు, స్కానింగు తీశారు, రక్తం చూశారు. అన్ని కాగితాలూ ముందు పరుచుకుని ఆయన నవ్వుతూ, పుండు లేదు, వాపు లేదు, కేన్సరు అసలే లేదు, సంతోషించమన్నాడు. పక్కన కూర్చున్న భర్త మోహనకృష్ణ నిజంగానే సంతోషించాడు. నీలవేణికి మాత్రం ఏదో దొంగతనం చేసి పట్టుబడినట్టయింది.

"మరి ఈ నొప్పి ఎక్కడ్నుంచొస్తన్నాది సార్?" అని అడిగింది.

దానికి ఐబీఎస్ అని పేరుందని డాక్టరు చెప్పాడు. పేగు చూడ్డానికి బాగానే ఉంటుంది కానీ పనిచేసే తీరు తప్పుతుంది, కొందరికి ఇలా విరేచనాల జబ్బు వచ్చి పోయాక మొదలవుతుంది, ప్రాణానికి ప్రమాదం లేదు, టెన్షన్ తగ్గించుకోవాలి అన్నాడు. పుదీనా నూనె ఉన్న గొట్టం మాత్రలూ, నొప్పికి ఇంకో మాత్రా రాశాడు. బయట వరండా నిండా జనం ఉన్నారు. ఆయన ఇంకా ఏదో చెప్పబోతుండగానే తర్వాతి మనిషి లోపలికి వచ్చేశాడు.

ఇంటికి వచ్చేదాకా ఆమె ఆలోచించింది ఒక్కటే. బాగానే ఉన్న పేగు పనిచేసే తీరు తప్పడమేమిటి? మిషను బాగానే ఉండి టిక్కెట్టు తప్పుగా వస్తే మిషను బాగున్నట్టా, పాడైనట్టా?

మాత్రలతో కొంత మేలనిపించింది. ఒకరోజు బాగుండేది, రెండు రోజులు ఉండేది కాదు. అంతలో ఇల్లంతా వైద్యశాల అయిపోయింది.

ముందుగా రంగంలోకి దిగింది అత్త దాలమ్మ. నీలవేణికి ఆమె అత్త మాత్రమే కాదు, తండ్రి తోడబుట్టిన మేనత్త కూడా. అందుకే కోడలి ఒంటి మీద ఆమెకి రెండింతల హక్కు. "బొడ్డు జారిపోనాదే నీకు. మిషన్లకి కనబడతాదేటి అది?" అని తీర్పు చెప్పి, సముద్రం ఒడ్డున మత్స్యకారుల పల్లెలో ఉండే గురమ్మ దగ్గరికి తీసుకెళ్లింది. గురమ్మ ఎండుచేపల వ్యాపారం చేసే మనిషి, బొడ్డు సరిచెయ్యడంలో ఆ చుట్టుపక్కల పేరున్నది. నీలవేణిని చాప మీద పడుకోబెట్టి, కొబ్బరినూనె రాసి, పొట్టంతా నెమ్మదిగా ఒత్తి, బొడ్డు మీద చిన్న ప్రమిద వెలిగించి దాని మీద చెంబు బోర్లించింది. దీపం ఆరిపోయి చెంబు పొట్టని పట్టుకుంది. గురమ్మ ఏ మంత్రమూ చదవలేదు. ఆ పూట చేపలకి ధర ఎలా పలికిందో చెబుతూ కూర్చుంది. ఆ గొంతు వింటూ, ఆ నూనె చేతుల కింద, నీలవేణి చాలా కాలం తర్వాత కడుపుని మరిచిపోయి కునుకు తీసింది. తర్వాత కొన్ని రోజులు నిజంగానే బాగుంది. తర్వాత మళ్లీ వచ్చింది. మళ్లీ జారిందని దాలమ్మ అంది.

నరసన్నపేటలో సెల్‌ఫోన్ల రిపేరు షాపున్న మోహనకృష్ణ రోజంతా ఫోనులో ఆరోగ్యం వీడియోలు వింటూ పనిచేసేవాడు. అతను పరగడుపున కలబంద రసం పట్టించాడు. గోధుమ మానిపించాడు. పెరుగులో మంచి పురుగులుంటాయని రెండు పూటలా పెరుగు పెట్టించాడు. అదే వీధిలో రిటైరైన జగన్నాధం మాస్టారు హోమియో మందులిచ్చేవారు. ఆయన ఆమె పడుకునే తీరు, చిన్నప్పటి భయాలు, చెమట వాసన దాకా ఓపిగ్గా అడిగి పంచదార గుళికలిచ్చి, పెరుగు అసలు తాకొద్దన్నారు. ఇంగువ, ఉల్లి, కాఫీ ఏదీ పనికిరాదన్నారు. అత్త వాములో ఇంగువ కలిపి ముద్ద చేసి అన్నంలో మొదటి ముద్దగా తినమనేది. పెరుగు తింటే మాస్టారికి కోపం, తినకపోతే మొగుడికి కోపం, ఇంగువ తినకపోతే అత్తకి కోపం. నీలవేణి అందరికీ సరేనని చెప్పి, ఒక్కొక్కరి ఎదట ఒక్కొక్కటి తిని, వంటింట్లో ఒక్కతే నిలబడి అసలు తనకి ఆకలేస్తోందా లేదా అన్నది తెలియక చోడి అంబలి గిన్నె చేత్తో పట్టుకుని ఉండిపోయేది.

అన్నింటితోనూ కొంచెం తగ్గేది. ఏదీ నిలిచేది కాదు. డిపోలో ఇద్దరు ముగ్గురు, స్కానింగులో కనపడని కడుపునొప్పి పెట్టుకుని నీడపట్టు పని సంపాదించిందని అనుకుంటున్నట్టు ఆమె చెవిన పడింది. వాళ్లన్నది నిజమేమోనని ఒక్కోసారి తనకే అనుమానం వచ్చేది. బస్సు ఎక్కనక్కర్లేని ఆదివారం నాడు నొప్పి ఎందుకు తక్కువగా ఉంటుంది? తనే ఎక్కడో, తనకి తెలియకుండా, ఈ నొప్పిని తెచ్చుకుంటోందా?

అప్పుడే ఎర్రన్న పొడి సంగతి తెలిసింది. నెల్లిమర్ల దగ్గర ఒక రేకుల షెడ్డులో కూర్చుని కడుపు జబ్బులకి వేళ్ల పొడి ఇస్తాడని, ఎంత మొండి నొప్పయినా వారంలో మాయమవుతుందని తోటి కండక్టరు చెప్పింది. నీలవేణి, మోహనకృష్ణ మోటారు సైకిలు మీద వెళ్లారు. ఎర్రన్న నాడి పట్టుకుని, నాలుక చూసి, ఇది పాత వాతమని చెప్పి బూడిద రంగు పొడి పొట్లాలిచ్చాడు. ఏ వేళ్లో అడిగితే కొండమీదివని మాత్రం అన్నాడు.

ఆ పొడి పనిచేసింది.

కొద్ది రోజులకే నీలవేణికి ఆకలి పుట్టుకొచ్చింది. ఒళ్లు తేలికైంది. నొప్పి ఉందా అని తడుముకున్నా దొరకలేదు. బస్సు డ్యూటీ తిరిగి అడిగి తీసుకుంది. సారవకోట, చలవానిపేట, పాతపట్నం, అన్నీ పాత చుట్టాలింటి గుమ్మాల్లా కనబడ్డాయి. బంధువులింట్లో మాంసం భోజనం చేసి ఏమీ కాకుండా ఇంటికొచ్చిన రోజున ఆమె అత్తని కౌగిలించుకుంది. మోహనకృష్ణ ఎర్రన్న షెడ్డు ఎక్కడుందో తన షాపుకొచ్చిన నలుగురికీ చెప్పాడు. కోడలి బుగ్గలు నిండాయని దాలమ్మ మురిసిపోయింది.

బుగ్గలు నిజంగానే నిండాయి. మరీ నిండాయి. మొహం గుండ్రంగా తిరిగింది. చేతులూ కాళ్లూ మాత్రం అలాగే ఉన్నాయి. ఎంత నీళ్లు తాగినా దాహం తీరేది కాదు. మెట్లెక్కుతుంటే తొడలు సహకరించేవి కావు. ఒక మధ్యాహ్నం పాతపట్నం బస్టాండులో ఆమె కళ్లు తిరిగి మెట్టు మీదే కూలబడింది. సూరయ్య నీళ్లు చల్లి, ఆటోలో దగ్గర్లోని ఆస్పత్రికి తీసుకెళ్లాడు. షుగరు బాగా పెరిగిపోయి ఉంది. బీపీ కూడా.

శ్రీకాకుళం డాక్టరు ఈసారి ఆమె కాగితాలు చూడలేదు. మొహం చూశాడు.

"ఏ పొడి వాడుతున్నారమ్మా?" అని అడిగాడు.

ఆమె చేతిసంచిలోంచి పొట్లం తీసి ఇచ్చింది. ఆయన విప్పి, వాసన చూసి, పక్కన పెట్టాడు. పరీక్షకి పంపితే తప్ప ఖాయంగా చెప్పలేనన్నాడు. ఇలాంటి కొన్ని పొడుల్లో స్టెరాయిడ్ మాత్రలు నూరి కలుపుతారని, ఈ మొహం, ఈ షుగరు దానివల్లేనని తన అనుమానమని, రక్తం పరీక్షతో కొంత తెలుస్తుందని చెప్పాడు. ఇప్పుడు భయపడి ఉన్నట్టుండి మానేస్తే అది ఇంకా ప్రమాదమని, తనే కొలిచి మాత్రలిచ్చి మెల్లగా దింపుతానని గట్టిగా చెప్పాడు. అలాగని వేళ్లన్నీ, వైద్యాలన్నీ చెడ్డవని తను అనడం లేదన్నాడు. ఏముందో చెప్పనిది మాత్రం నోట్లో వేసుకోవద్దన్నాడు.

మోహనకృష్ణ తల దించుకున్నాడు. నీలవేణికి ఏడుపొచ్చింది కానీ భయంతో కాదు.

"అదొక్కటే పన్జేసింది సార్," అంది. "మీ మాత్రలు పన్జెయ్యలేదు, పథ్యాలు పన్జెయ్యలేదు. పన్జేసినదేమో విషమంతన్నారు. మరి నానేటి తినాల? ఎవుల మాట నమ్మాల?"

ఈసారి బయట జనం ఉన్నా డాక్టరు లేచి తలుపు వేశాడు. స్టెరాయిడ్‌తో ఆకలి, హుషారు వస్తాయి, దానివల్ల బాగైనట్టు అనిపించి ఉండొచ్చు అన్నాడు. ఇది పనిచేస్తుందన్న నమ్మకం కూడా ఈ జబ్బులో కొంత పనిచేస్తుందని, అది అబద్ధం కాదని అన్నాడు. ఆమెకి ఏది ఎంతనేది తను తూచి చెప్పలేనన్నాడు. తర్వాత విజయనగరంలో రేఖ అనే డాక్టరు పేరు రాసిచ్చాడు. ఆమె మనసుకీ కడుపుకీ కలిపి వైద్యం చేస్తుందని, కళ్లు మూయించి మాటలతో చేసే హిప్నోసిస్ పద్ధతి ఒకటి ఉందని, ఈ జబ్బులో అది చాలామందికి మేలు చేసినట్టు పరిశోధనలున్నాయని, అందరికీ చేస్తుందని మాత్రం చెప్పలేనని అన్నాడు.

ఇంటికొచ్చాక మోహనకృష్ణ ఆ చీటీని రెండుసార్లు చదివాడు. పిచ్చి డాక్టరు దగ్గరికి పంపుతున్నాడంటే ఇదంతా నీ మనసులోనే ఉందన్నట్టు కదా అన్నాడు. తిట్టాలని అనలేదు, ఆలోచిస్తూ అన్నాడు. కానీ ఆ మాట నీలవేణికి పొట్టలో గుచ్చుకుంది.

"నా మనసులో ఉంటే, బావా, ఆ పొలంలోకి నాను పరిగెత్తినప్పుడు నా మనసే పరిగెత్తిందేటి?" అంది.

ఆ రోజు ఇద్దరూ మాట్లాడుకోలేదు. మర్నాడు పొద్దున్న అతనే బయల్దేరమన్నాడు. షాపు వదిలి రాలేనని, అమ్మని తోడు తీసుకెళ్లమని చెప్పాడు. దాలమ్మ అసలే ఒంటరిగా పంపనంది. కళ్లు మూయించి మాటలు చెప్పే వైద్యమంటే ఆమెకి తెలిసినంతలో అది మందు పెట్టడంతో సమానం. కోడల్ని మత్తులో ముంచి నగలు అడుగుతారేమోనని, నీలవేణి మెడలో గొలుసు తీయించి తన నడుం దగ్గర దోపుకుంది.

విజయనగరంలో రేఖ గది చిన్నది. ఊగే గడియారమూ లేదు, నల్ల గుడ్డలూ లేవు. ఒక వాలు కుర్చీ, రెండు మామూలు కుర్చీలు, పైన ఫ్యాను. రేఖ నీలవేణి వయసు మనిషే. ఆమె అన్నిటికంటే ముందు, నొప్పి నిజమేనని తనకి తెలుసంది. ఎవరూ అడగకుండానే ఆ మాట అనేసరికి నీలవేణి సంచిలోంచి కాగితాలు తీసి ఆమె ముందు పెట్టింది.

"రిపోర్టులో లేదు కదమ్మా," అంది.

"రిపోర్టు పేగు గోడని చూస్తుందండి. నరం ఎంత గట్టిగా అరుస్తోందో అది చూడలేదు," అంది రేఖ. కడుపుకీ మెదడుకీ మధ్య రాత్రీ పగలూ కబుర్లు నడుస్తూ ఉంటాయని, ఆ పెళ్లిభోజనం తర్వాత ఆ నరాలు మరీ సున్నితమైపోయాయని, మామూలుగా తెలియకుండా జరిగిపోయే గాలీ కదలికా ఇప్పుడు నొప్పిగా వినబడుతున్నాయని చెప్పింది. బస్సులో భయం ఉంటుంది కనక బస్సులో ఎక్కువ వినబడుతుంది. అంతేగాని మీరు కోరి తెచ్చుకున్నది కాదు అంది.

తర్వాత వాలు కుర్చీలో కూర్చోబెట్టి కళ్లు మూయమంది. దాలమ్మ మూల కుర్చీలో కూర్చుని, మాట తేడా వస్తే లేవడానికి సిద్ధంగా ఉంది. రేఖ గొంతు తగ్గించి, నెమ్మదిగా ఊపిరి గురించి, పొట్ట మీద పెట్టుకున్న చేతి వెచ్చదనం గురించి, వంశధారలో వేసవి నీళ్లు ఇసక మీద తొందర లేకుండా పోతున్నట్టు లోపల కదలిక సాగడం గురించి చెప్పుకుంటూ పోయింది. నీలవేణి మత్తు వస్తుందని కాచుకుని కూర్చుంది. రాలేదు. ఫ్యాను కీచుమనడం వినబడుతూనే ఉంది. పక్కింట్లో కుక్కరు కూతలు వినబడ్డాయి. ఇది పనిచెయ్యడం లేదు, ఇంత దూరం వృథాగా వచ్చామనుకుంది. అనుకుంటూనే చెయ్యి కింద పొట్ట కొంచెం మెత్తబడినట్టనిపించింది. నిజంగా మెత్తబడిందా, మెత్తబడాలని అనిపించిందా?

కళ్లు తెరిచి చూస్తే దాలమ్మ కుర్చీలో మెడ వాల్చేసి గురక పెడుతోంది.

"మీ అత్తగారికి బాగానే పనిచేసినట్టుంది," అంది రేఖ.

నీలవేణి నవ్వింది. పొడి దెబ్బ తగిలాక అదే మొదటిసారి. తర్వాత, తను మత్తులోకి వెళ్లిందా లేదా అని అడిగింది. మత్తంటూ ఏమీ ఉండదని, అన్నీ వినబడుతూనే ఉంటాయని, ఇది ఈతలాంటిదని, రోజూ చేస్తే వస్తుందని రేఖ చెప్పింది. తన గొంతుతో రికార్డు చేసిన మాటలు ఫోనులోకి పంపింది. శ్రీకాకుళం డాక్టరు మాత్రలు మానొద్దంది. గురమ్మ దగ్గర ఒత్తించుకోవడం హాయిగా ఉంటే చేయించుకోవచ్చు, గట్టిగా వద్దు, దీపం దగ్గర జాగ్రత్త అంది. కలబంద రసం విరేచనం తెస్తుంది కనక వదిలేయమంది. పెరుగు ఒకటి, గోధుమ ఒకటి, ఉల్లి ఒకటి, విడివిడిగా మాని చూడమంది. అన్నీ ఒక్కసారి మానితే ఏది దోషో తెలియదు అంది.

దింపుడు మాత్రల రోజులు కష్టంగా గడిచాయి. స్టెరాయిడ్ తగ్గేకొద్దీ పాత నొప్పి తలుపు తట్టి లోపలికొచ్చినట్టు వచ్చింది. ఒళ్లంతా నీరసం. మళ్లీ డిపోలో కుర్చీ. ఒక సాయంత్రం ఆమె బీరువాలో పాత పొట్లం ఒకటి మిగిలి ఉంటే తీసి చేతిలో పెట్టుకుని చాలాసేపు చూసింది. ఒక్క చిటికెడు చాలని తెలుసు. మోహనకృష్ణ గుమ్మంలో నిలబడి చూశాడు. లాక్కోలేదు. పక్కన కూర్చుని, తను షాపులో నలుగురికి ఆ షెడ్డు చెప్పానని, ఆ నలుగురికీ మళ్లీ ఫోను చేసి వద్దని చెప్పేశానని అన్నాడు. వాళ్లలో ఒకడు నవ్వాడట, మాకు పనిచేస్తోంది కదా అని. ఆ పొట్లాన్ని ఇద్దరూ కలిసి శ్రీకాకుళం డాక్టరుకిచ్చారు. ఆయన దాన్ని అధికారులకి పంపుతానన్నాడు. ఆ తర్వాత ఏమైందో వాళ్లకి కబురు రాలేదు.

రోజూ మధ్యాహ్నం ఆమె చాప మీద పడుకుని రేఖ మాటలు వినేది. మొదట్లో సగంలోనే వంట గుర్తొచ్చేది. మెల్లగా, ఎప్పట్నుంచో చెప్పలేదు కానీ, మంచి రోజులు వచ్చి చేరడం మొదలైంది. నొప్పి వచ్చినా వెంటనే పరుగు పెట్టించడం తగ్గింది. మొహం పాత ఆకారానికి వచ్చింది. షుగరు దిగింది.

అందరూ అది తమదే అన్నారు. పేటలో ఎదురైన ప్రతివాళ్లకీ దాలమ్మ, గురమ్మ చెయ్యి మంచిదని చెప్పింది. జగన్నాధం మాస్టారు, గుళికలు మెల్లగా పనిచేస్తాయని తను ముందే చెప్పానని అన్నారు. ఉల్లిపాయ మానడం వల్లేనని మోహనకృష్ణ అన్నాడు, నిజానికి ఉల్లి మానాక ఉబ్బరం బాగానే తగ్గింది. శ్రీకాకుళం డాక్టరు ఈ జబ్బు కాలం గడిస్తే కొందరికి దానంతటదే తగ్గుతుందన్నాడు. నీలవేణికి తేల్చుకోవాలనిపించింది. ఒక వారం రికార్డు వినడం మానేసింది. ఏమీ కాలేదు. ఐతే ఇది కాదన్నమాట అనుకుంది. తర్వాతి వారం మళ్లీ వినడం మొదలుపెట్టింది. ఆ వారమే నొప్పి బాగా వచ్చింది. ఆమెకి తల తిరిగిపోయింది.

ఈ సంగతి రేఖకి చెప్పి, ఏది నిజమని అడిగింది.

"నాకూ తెలీదండి," అంది రేఖ. "మీలాంటి వాళ్లు వందమంది ఉంటే ఇందులో ఎంతమందికి మేలవుతుందో చెప్పగలను. మీ ఒక్కరిలో ఏది చేసిందో చెప్పలేను. మీకు హాని లేనిదీ, బాగుందనిపించేదీ ఉంచుకోండి."

అదేం సమాధానమని ఆమెకి కోపం కూడా వచ్చింది. ఇన్నాళ్లూ అందరూ ఇదే మందు, ఇదే మార్గమని బల్ల గుద్ది చెప్పినవాళ్లే. తెలీదని చెప్పిన మనిషిని ఏం చెయ్యాలో ఆమెకి తోచలేదు. బస్సెక్కి ఇంటికి వస్తూ దారంతా ఆ మాటే తిప్పి తిప్పి చూసుకుంది.

వానలు పడ్డాక ఆమె మళ్లీ పాతపట్నం బస్సెక్కింది. కొన్ని ట్రిప్పులు హాయిగా గడిచాయి. ఒక రోజు సంత జనంతో బస్సు కిక్కిరిసి ఉండగా పాత మెలిక మొదలైంది. ఆమె కడ్డీకి ఆనుకుని, పొట్ట మీద చెయ్యి పెట్టి, ఊపిరి నెమ్మదిగా వదిలింది. మెలిక సగం దిగింది. మిగతా సగం దిగలేదు. ఇదివరకైతే పళ్లు బిగించి ఒక్క మాట మాట్లాడేది కాదు. ఈసారి గొంతెత్తి, ముందూ వెనకా అందరికీ వినబడేలా చెప్పింది. "సూరయ్య మావా, నాకు కడుపు బాగోలేదు. ముందు ఊళ్లో ఏదో ఒక ఇంటికాడ ఆపు. కొద్దిసేపు ఆగండమ్మా అందరూ."

ఎవరూ గొణగలేదు. ముందు సీట్లో కూర్చున్న ఒక ముసలావిడ, మా ఇల్లు రోడ్డు పక్కనే, రా అని తనే దిగి దారి చూపించింది. నీలవేణి తిరిగి వచ్చేసరికి ఎవరో ఆమె మిషను ఒళ్లో పెట్టుకుని జాగ్రత్తగా కూర్చున్నారు. సూరయ్య గేరు వేశాడు.

పాతపట్నంలో అందరూ దిగాక ఒక అమ్మాయి దిగకుండా ఆగింది. కాలేజీ సంచీ, పాలిపోయిన మొహం. పేరు గౌరి అంది. నీలవేణి కడుపునొప్పితో బస్సు మాని మళ్లీ ఎక్కిందని విన్నానంది. తనకీ ఇలాగే ఉందని, పరీక్షలన్నీ చేశారని, ఏమీ లేదన్నారని, ఇంట్లో చదువు ఎగ్గొట్టడానికి వేషాలంటున్నారని చెప్పి, ఆఖరికి అడిగింది. "మీకు దేంతో తగ్గింది అక్కా? ఆ మందు పేరు సెప్పరా?"

నీలవేణి నోరు తెరిచింది. గుళికల పేరు నోటి దాకా వచ్చింది. గురమ్మ పల్లె పేరు, రేఖ పేరు, ఉల్లిపాయ, అన్నీ ఒకదాన్నొకటి తోసుకుంటూ వచ్చాయి. ఏది ముందు చెప్పినా అబద్ధమవుతుందేమోననిపించింది. ఆమె ఖాళీ సీటు చూపించి పిల్లని కూర్చోబెట్టి తనూ పక్కన కూర్చుంది.

"ఏది తగ్గించిందో నాకే తెల్దమ్మా," అంది. "పూర్తిగా తగ్గనూ లేదు, ఇందాక సూసినావు కదా. పొడి ఎవులిచ్చినా, అందులో ఏటుందో సెప్పకపోతే తినకు. అది మాత్రం నాకు బాగా తెలుసు. మిగతాది..." అని ఆగింది.

పిల్ల కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. జవాబు దొరకలేదన్న నిరాశో, ఇంకేమిటో నీలవేణికి అర్థం కాలేదు.

"నొప్పి నిజమేనా అక్కా మరి?" అని అడిగింది గౌరి.

"నిజమే," అంది నీలవేణి. "అందులో అనుమానం నేదు."

తిరుగు ట్రిప్పుకి జనం ఎక్కడం మొదలుపెట్టారు. సూరయ్య హారను కొట్టాడు. నీలవేణి రేఖ నంబరు పిల్ల ఫోనులో ఎక్కించి, ఇదే బస్సులో వెనక్కి వస్తానంటే కిటికీ దగ్గరి సీటు ఇచ్చి, మిషను భుజానికి తగిలించుకుని లేచింది.